జనుము చేనిలోని చుక్కల రెక్కపురుగు

గత సంవత్సరము కార్తికమాసమున మా సంఘసభ్యుడొకరు తెల్లవాఱగనే కార్యాలయమునకు వచ్చి, తువ్వాలు కొంగు విప్పి, బల్లమీద పది పన్నెండు గొంగళిపురుగులను దులిపిరి. "అయ్యా, ఇవి వేరుసెనగను తిను ఎఱ్ఱ గొంగళియేనా? నా జనుము చేను నిండ నివియే. ఇవి తమ చేలమీద పడునని ప్రక్కవారు నా పైరును దున్నివేయుమని పోరుచున్నారు" అని యడిగిరి. మేము వానిని చూచి, అవి ఎఱ్ఱ గొంగళి కావనియు, జనుమును దానికి దాయాదులైన మొక్కలను ఆశ్రయించి బ్రతుకు వేఱొక జాతివనియు, పైరును దున్నవలసిన పని లేదనియు చెప్పితిమి. అంతవఱకు మేము చెప్పినది సరియైనదే. కాని దానికి తోడుగా "వీనివలన జనుమునకు నష్టము లేదు, ఊరకుండుడు" అని యింకొక మాటయు చెప్పితిమి.

ఆ మాట పచ్చిరొట్ట కొఱకు వేసిన పైరునకు చెల్లును. ఆయన వేసినది విత్తనము కొఱకు. ఆ సంగతి మేమడుగలేదు, ఆయనయు చెప్పలేదు. కళ్లములో కాయ నూర్చునప్పటికి మూడింట నొకపాలు కాయలు చిల్లులు పడి, లోపల గింజకు మాఱు పిప్పి యుండెను. ఆయన మమ్ము నొక్క మాటయైన ననలేదు. అయినను తప్పు మాది గనుక, ఈ పురుగును గూర్చి తెలిసినంతవఱకు సభ్యులందఱకును ఈ పత్రికాముఖమున తెలియజేయుట మా విధి యని తలంచి దీనిని వ్రాయుచున్నాము.

ఈ గొంగళి పెరిగి యగు రెక్కపురుగును మీలో చూడనివారుండరు. జనుము చేనిగట్టున నడచునపుడు కాలి యలికిడికి లేచి, పట్టుమని పది బారలైన నెగురక మరల గడ్డిలో వ్రాలు చిన్న తెల్లని పురుగు అదియే. ఎగురుచున్నంతసేపు కాగితపు తునుకవలె తెల్లగా కనబడును. వ్రాలిన పిదప దగ్గఱకు పోయి చూచినయెడల దాని సొగసు తెలియును. మీగడవంటి తెల్లని ముందు రెక్కలమీద కుంకుమ చుక్కయు కాటుక చుక్కయు మాఱిమాఱి వరుసగా దిద్దినట్లుండును. వెనుక రెక్కలు తెల్లనివే గాని, వాని యంచున వంకర టింకరగా నల్లని కమ్మియుండును. తలమీదను వీపుమీదను పసుపు కలిసిన తెలుపున సన్నని నల్లచుక్కలు కలవు. రెక్కలు చాచినపుడు ఈ కొననుండి యాకొనకు అంగుళము మొదలు అంగుళమున్నర వఱకుండును. కూర్చున్నపుడు రెక్కలను దేహమునకు చుట్టుకొని సన్నని చుట్టవలె కనబడును. ఇతర రెక్కపురుగులవలె పగలంతయు దాగి యుండక ఇది పగటివేళను తిరుగును, రాత్రి దీపమునకును వచ్చును.

స్వీడను దేశపు లిన్నేయసు పండితుడు 1758 లో దీనికి శాస్త్రనామమిడుచు 'పుల్కెల్ల' యనెను. లాటిను భాషలో ఆ మాటకు ముద్దులొలుకు చిన్నది యని యర్థము. శాస్త్రజ్ఞులు నేడు దీనిని 'యుటెథైసా పుల్కెల్ల' యని వ్యవహరింతురు. నీలగిరులలో తేయాకు తోట సాగుచేసిన సర్ జార్జి హాంప్సను 1892 మొదలు 1896 వఱకు నాలుగు సంపుటములుగా ప్రకటించిన భారతదేశపు రెక్కపురుగుల గ్రంథమునందును ఇది చేరియున్నది. ఇది మన దేశమునకే పరిమితమైనది కాదు. ఆఫ్రికా ఖండమంతటను, మధ్యధరా సముద్రపు టొడ్డునను, పశ్చిమాసియాలోను, మన దేశమునందంతటను కలదు. చూపులకు బలహీనమైనదిగా తోచినను గాలివాటమున దూరదేశములకు పోగలదు. కొన్ని సంవత్సరములలో దక్షిణపు గాలులతో సముద్రము దాటి ఇంగ్లండు తీరమును చేరును. అచ్చటి చలికాలమును మాత్రము దాటజాలదు. అక్కడ పురుగుల నన్వేషించువారు ఇది యొకటి కనబడిన పండుగ చేసికొందురు. మన చేనిగట్టున మన కాలిక్రింద లేచునది వారికంత యపురూపము!

అయితే ఇది మన చేనికి ఎచ్చటనుండి వచ్చును? విత్తనముతో వచ్చినదని కొందఱనుకొందురు. అట్లు కాదు. జనుము లేని దినములలోను ఇది మన యూరిలోనే యుండును. చెఱువుకట్టల మీదను, బీళ్లలోను, బాటల ప్రక్కను గిలిగిచ్చ మొక్కలుండుట మీరెఱుగుదురు. ఎండిన కాయను ఊపినయెడల లోని గింజలు గలగలలాడును గనుక పిల్లలు వానిని కోసి యాడుకొందురు. ఆ గిలిగిచ్చలన్నియు జనుమునకు దాయాదులే. పూవును కాయను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన చుట్టఱికము తెలియును. చెఱువులోని నీరు తీసిన తావున తేలుకొండివలె వంగిన పూగుత్తులతో మొలచు తేలుమణి మొక్కయు దీనికి ఆహారమే. మనము జనుము చల్లని నెలలలో ఇది వీనిమీద కాలక్షేపము చేయుచుండును. పైరు లేచి ఆకు పఱచినతోడనే గట్టు దిగి చేనిలోనికి వచ్చును. మనకు జనుము పైరు. దానికి జనుము గట్టుమీది గిలిగిచ్చకు చేసిన సంతర్పణ.

తల్లిపురుగు లేత యాకులమీద సన్నని గ్రుడ్లను పెట్టును. కొలది దినములలో పిల్లలు వెలువడి మొదట ఆకును గీకి తినును, పిదప ఆకునకు చిల్లులు చేయును. ఎదిగిన గొంగళి అంగుళమునకు కొంచెము మించి యుండును. నల్లని దేహము, వీపు నడుమ తెల్లని చాఱ, ప్రక్కలను తెల్లని గీతలు, కణుపు కణుపునను ఎఱ్ఱని లేక నారింజవన్నె మచ్చలు, బుడిపెల నుండి లేచిన పలుచని వెండ్రుకలు: ఇవి దాని గుఱుతులు. పూర్తిగా పెరిగిన పిదప రాలిన యాకులలోనో మంటి పెల్లల సందునో పలుచని పట్టు గూడు అల్లుకొని అందు నిద్రించును. వెచ్చని కాలమున గ్రుడ్డు మొదలు రెక్కలు వచ్చువఱకు నెల, నెలన్నర పట్టును. కనుక నాలుగైదు నెలలు చేనిలో నిలుచు విత్తనపు పైరులో ఒకదాని వెనుక నొకటిగా రెండు మూడు తరములు పెరుగుట కవకాశము కలదు. నలువదియైదు దినములకు దున్ను పచ్చిరొట్ట పైరులో రెండవ తరమునకు తావు లేదు.

ఇక మేము పొరపడిన చోటికి వత్తము. ఈ గొంగళి లేతవయస్సున ఆకు తినును. పైరు కాయ పట్టినప్పుడు మాత్రము ఆకును విడిచి కాయకు చిల్లు చేసి తల లోపల దూర్చి గింజను తినును. ఎదుట కావలసినంత పచ్చని యాకుండగా గట్టి కాయను తొలుచుటకు ఇంత శ్రమ యేల? దీనికి సమాధానము వినుట కింపుగా నుండును, మనకుపయోగమైనదియు నగును.

జనుమునందును గిలిగిచ్చలయందును ఒకజాతి విషక్షారములు కలవు. అవి పశువుల కాలేయమును చెఱచునవి. మొక్క తన్ను తినవచ్చు జంతువులను పురుగులను దూరముగా నుంచుటకై వీనిని కూర్చుకొనును; గింజలో విశేషముగా దాచును. మన చుక్కల పురుగు ఆ విషమునకు వెఱవదు సరిగదా, దానిని తినితిని తన దేహములో నిలువ చేసికొనును. గొంగళి దశలో కూడబెట్టిన విషము గూటిలోని నిద్రను దాటి రెక్కపురుగు దేహములోనికి వచ్చును. అప్పుడు దానిని తినబోయినవానికి చేదు తగులును. పగటివేళ తెల్లని రెక్కలమీద ఎఱ్ఱచుక్కలతో నిర్భయముగా తిరుగుట ఇందువలననే. ఆ చుక్కలు సొగసునకు గాక హెచ్చరికకు దిద్దినవి.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున నుండిన థామసు ఐస్నరు అను శాస్త్రజ్ఞుడు, ఫ్లారిడా ప్రాంతమున నుండు దీని తోడిజాతిని గూర్చి అనేక సంవత్సరములు పరిశోధించెను. ఆ జాతియు అచ్చటి గిలిగిచ్చలమీదనే బ్రతుకును. అది పెద్ద సాలెపురుగు గూటిలో చిక్కుకొనగా, సాలెపురుగు పరుగున వచ్చి దానిని తాకి చూచి, కఱవక, చుట్టునున్న దారములను ఒక్కొక్కటిగా కొఱికి విడిపించి క్రింద పడవేయుటను ఆయన కనిపెట్టెను. వలలో పడినదానిని వలవాడే విడిపించుట యనగా సామాన్యమా! విషము లేని మేత పెట్టి పెంచిన పురుగులను అదే వలలో వేయగా సాలెపురుగు సుష్ఠుగా తినివేసెను. మఱియొక వింత యేమనగా, ఈ జాతిలో మగది సంగమకాలమున తాను కూడబెట్టిన విషములో కొంత భాగమును ఆడుదానికిచ్చును; ఆడుది తన పాలు గూడ చేర్చి గ్రుడ్లలో పెట్టును. అందుచేత గ్రుడ్లను తినవచ్చు చిన్న పురుగులును వెనుదీయును. తండ్రి యిచ్చిన కట్నము బిడ్డలకు కవచమగుచున్నది.

కనుకనే ఈ పురుగునకు గింజమీద అంత మక్కువ. గింజలో బలమైన యాహారమును కలదు, విషమును కలదు. విషము చాలని గొంగళి తన జాతి గ్రుడ్లనే తిని ఆ లోటును తీర్చుకొనునని ఐస్నరును ఆయన శిష్యులును కనిపెట్టిరి. కాయ పట్టిన జనుము చేను దానికి నిండిన గాదె. ఇది తెలిసియుండినయెడల మేమాదినమున మా సభ్యునకు "ఊరకుండుడు" అని చెప్పియుండము.

రైతుసోదరులు గమనింపవలసినది యేమనగా, జనుమును మనము ఒక్క పనికి వేయుట లేదు. ఏ పనికి వేసితిమో దానినిబట్టి ఈ పురుగును చూడవలయును. నాట్లకు ముందు మాగాణిలో పచ్చిరొట్ట కొఱకు ఎకరమునకు 12 మొదలు 15 కిలోల విత్తనము చల్లి, పూమొగ్గ తొడుగు సమయమున, అనగా 45 మొదలు 50 దినములలోపల దున్ని దమ్ము చేయుదుము. ఆ పైరులో గొంగళి కనబడిన భయపడవలదు. అది తిను ఆకు కొంచెము. తినినదియు పెంటికలై ఆ మంటిలోనే పడును. దమ్ములో పైరుతోబాటు గొంగళియు అణగిపోవును. ఇట్టి పైరుమీద మందునకై ఒక్క రూపాయి వ్యయము చేసినను అది బూడిదలో పోసిన పన్నీరే. గొంగళి యున్నదని పచ్చిరొట్టను పెందలకడ లేతగా దున్నుటయు తగదు. లేత పైరు మంటికిచ్చు సారము తక్కువ.

విత్తనపు పైరు సంగతి వేఱు. అందు మనకు కావలసినది ఆకు కాదు, గింజ. గింజయే పురుగునకును కావలయును. కాబట్టి పూత ప్రారంభమైనది మొదలు వారమున కొకమాఱైన చేనిలో దిగి చూడవలయును. కాయలమీద గుండ్రని చిల్లులును, చిల్లు చెంత పెంటికలును కనబడిన పురుగు ప్రవేశించినదన్న మాటయే. విత్తనము కొఱకు వేయువారు పచ్చిరొట్టవలె దట్టముగా చల్లక, మనిషి నడచుటకు వీలుగా సాళ్లలో ఎడముగా వేసినయెడల ఇట్లు చూచుటకును, ఏఱుటకును సులభముగా నుండును. ఏఱుటయే దీనికి మొదటి చికిత్స. గొంగళి ఆకుమీదను కాయమీదను బయలుగా నుండును గనుక వెదకవలసిన శ్రమ లేదు. కొంచెము కిరసనాయిలు కలిపిన నీటి డబ్బాను క్రింద పట్టి పుల్లతో అందులోనికి త్రోసిన చాలును. పంట యెత్తిన పిదప నేలను ఒక చాలు దున్నినయెడల పెల్లల సందున నిద్రించు గూళ్లు బయటపడి ఎండకును కాకులకును ఆహుతి యగును.

ఏఱుటకు మించి యున్నప్పుడు వేపగింజల కషాయము చల్లవచ్చును. ఎండిన వేపగింజల పప్పు 5 కిలోలు పొడిచేసి రాత్రి నానవేసి వడియగట్టి, 100 లీటరుల నీటికి సరిచేసికొనవలయును. దానిని సాయంకాలము చల్లవలయునే గాని ఉదయము చల్లరాదు. దీనికొక కారణము కలదు. జనుము పూవు తనంత తాను కాయ కట్టునది కాదు. పెద్ద తుమ్మెదలును తేనెటీగలును వచ్చి పూవును త్రొక్కి లోపల దూఱిననే కాయ నిలుచును. పూత నిండియున్న చేనిలో పగటివేళ ఘోరవిషములు చల్లినవాడు పురుగుతోబాటు తుమ్మెదను గూడ తఱిమివేసి, పురుగు తినగా మిగులవలసిన కాయను తానే పోగొట్టుకొనును. ఒకప్పుడు ఇట్టి గొంగళులకు బి.హెచ్.సి. పొడిని చల్లుమని చెప్పుచుండెడివారు. ఆ మందును 1997 లో ప్రభుత్వమువారు నిషేధించిరి. ఎవరియింటి యటుకమీదనైన పాత పొట్లము మిగిలియున్నయెడల దానిని చేనికి కొనిపోవలదు.

మూడవది మేతజనుము. కృష్ణా గోదావరి మండలములలో వరి కోతకు ముందు తడి నేలలో జనుము చల్లి వేసవి మేతకు పెంచుట చిరకాలాచారము. ఈ రైతులు పురుగుకంటె పురుగు నేర్పు పాఠమును గమనింపవలయును. విషము గింజలో నిండుగా నున్నదని యాపురుగు మనకు చెప్పకయే చెప్పుచున్నది. అందుచేత మేతకు కోయువారు పూతదశలోనే, కాయ కట్టకమునుపే కోయవలయును. దానిని ఒక్కదానినే కడుపునిండ పెట్టక ఎండుగడ్డితో కలిపి పెట్టుట మంచిది. జనుము నూర్చిన కళ్లములోని తాలుగింజను, కాయతొక్కును గాటిలో వేయరాదు. ఈ విషము పాముకాటువలె తక్షణము చంపునది కాదు. కాలేయమును లోలోపల చెఱచి దినదినము పశువును చిక్కి పోవునట్లు చేయును. దిష్టి తగిలినదని త్రిప్పివేసి ఊరకున్నవారు కలరు. పురుగునకు కవచమైనది మన యెద్దునకు మృత్యువగును.

ప్రక్క చేలవారి భయమును గూర్చి గూడ చెప్పవలసియున్నది. మా రాయలసీమలో ఎఱ్ఱ గొంగళి పేరు చెప్పిన వేరుసెనగ రైతు గుండె ఝల్లుమనుట సహజమే. తొలకరి వాన గట్టిగా కురిసినతోడనే దాని రెక్కపురుగులు నేలలోనుండి గుంపులుగా వెలువడి వందలకొలది గ్రుడ్లు పెట్టును. వాని గొంగళులు దండు కట్టి చేనినుండి చేనికి నడచును. దాని యొడలంతయు గోధుమ కలిసిన యెఱుపుతో దట్టమైన పొడుగు వెండ్రుకలు కప్పియుండును. నల్లని దేహమున తెల్లని చాఱ దానికి లేదు. రెక్కపురుగు గూడ దిట్టమైన దేహము గలది. ముందు రెక్కల యంచున పసుపుపచ్చని గీత యుండును గాని ఎఱ్ఱచుక్కలుండవు. అది యున్నప్పుడు ఊరంతయు ఒక్కటై ఒకే రాత్రి పొలములలో మంటలు వేయుటయు, గట్లవెంట కందకములు త్రవ్వుటయు వలయును. ఒక్కడు వేసిన మంటవలన ఫలము లేదు. జనుముమీది చుక్కల పురుగు అట్లు దండు కట్టి నడచునది కాదు. వేరుసెనగ దాని యాహారమును కాదు. దానికై ఒకరి పైరును మఱియొకరు దున్నింపవలసిన యగత్యము లేదు. గుఱుతు తెలియనివారు పురుగును చంపక సీసాలో వేసికొని సంఘకార్యాలయమునకు తెచ్చినయెడల చూచి చెప్పెదము. ఈమాఱు చేను దేనికి వేసితిరని మొదట అడిగెదము.

ఆ సభ్యుడు మరల ఈ సంవత్సరము చెఱువు క్రింద అర ఎకరము విత్తనజనుము వేసియున్నారు. సాళ్లు ఎడముగా వేయించినారు. పూత ప్రారంభమైన దినమున కబురంపెదమనియు, మీరే వచ్చి డబ్బా పట్టవలయుననియు నవ్వుచు చెప్పిరి. వెళ్లుటకు ఒప్పుకొన్నాము. గింజ ఎంత దిగినదియు కళ్లము ముగిసిన పిదప ఈ పత్రికలోనే ప్రకటింతుము.